ఇనుము ముట్టని భుజాలు

డిసెంబర్ 28

రాత్రి మొదలైన వాన పాలు పితికేదాకా తెరిపియ్యలేదు. తూర్పు బీడు సగం మునిగింది. ఈ ఏడు మా మరజో దీవికి నీళ్ళు తొందరపడి వస్తున్నాయి. ఎర్రచెవుల గేదె మళ్ళీ బకెట్ తన్నింది. మా అమ్మాయి దెవుజి పాల క్యాన్లు పడవలోకి ఎత్తి, గడ వేసుకుంటూ చీజు షెడ్డుకి పోయి, వచ్చాక ఏటివైపు కంచె గుంజలు మార్చింది. నేను పగ్గాలు చూసుకున్నాను.

నడుము బాగానే ఉంది.

సాయంత్రం జెఫెరీనో వచ్చాడు. దెవుజి జ్ఞానస్నానం నాడు బిడ్డని చేతుల్లో పట్టుకుని నిలబడ్డవాడు కాబట్టి, మా ఇంట్లో నోటికొచ్చింది అనే హక్కు తనకుందని అనుకుంటాడు. పట్నంలో ఇనుప బరువులు పెట్టి జిమ్ తెరిచారట. తైనారా అనే పిల్ల ఆరు నెలలుగా అక్కడే సాధన చేస్తోందట. జనవరి ఇరవైన పునీత సెబాస్తియన్ పండగ కుస్తీ పట్లలో దెవుజితో తలపడేది ఆ పిల్లే.

"దాని భుజాలు చూడాలి బావా, లేత కొబ్బరిబోండాలు తగిలించినట్టున్నాయి. ఇనుము ఎత్తనిదే కండ రాదని ఆ జిమ్ కుర్రాడు గోడ మీద రాయించాడు."

"మరి గేదెచేత ఎవడెత్తించాడు ఇనుము?" అన్నాను.

దెవుజి చేప ముల్లు తీసుకుంటూ నవ్వింది. "గేదె మధ్యాహ్నమంతా బురదలో పడుకుని నెమరేస్తుంది నాన్నా. నన్నూ పడుకోనివ్వు, నాకూ కొమ్ములొస్తాయి."

"వారానికి రెండు రోజులు నేనూ జిమ్‌కి పోనా?" అని కూడా అడిగింది. వద్దన్నాను. ఇనుము ఎత్తేవాడికి ఇనుము ఎత్తడమే వస్తుంది, ఇనుము ఎదురు తిరగదు. గేదెదూడ ఎదురు తిరుగుతుంది. నీటికి ఎదురు గడ వేసినప్పుడు నది ఎదురు తిరుగుతుంది. నా ఒళ్ళు అలా వచ్చిందే. నా రోజుల్లో ఈ ఏటికి రెండువైపులా నా వీపుకి ఇసుక అంటించినవాడు లేడు.

అది విని దెవుజి మళ్ళీ అడగలేదు. మాట వినే పిల్ల.


డిసెంబర్ 30

వాన. దెవుజి మంచి ఊపు మీద ఉంది. దొడ్డి గేటు కొత్త దూలం ఒక్కతే మోసుకొచ్చింది.


జనవరి 2

మబ్బు, ఉక్క. ఉత్తరపు మంద గట్టుకెక్కింది.

కాపరులకి పని చెప్పే మేస్త్రీ గుర్రం దిగకుండానే మాట్లాడాడు. పాలు తీసుకుపోయే పడవకి మోటారు పెట్టిస్తానని ఈ మందల దొర ఒప్పుకున్నాడట. "నువ్వు సరే అంటే వారంలోనే వస్తుంది ఒరివాల్దో" అన్నాడు.

వద్దన్నాను. పండగ దాకానైనా వద్దన్నాను. గడ వేయడం ఆగితే పిల్ల భుజాలు పోతాయి. వీపు మీద ఆ రెక్కలు గడతో వచ్చినవే, మోటారు కూర్చోబెట్టి మనిషిని పాడుచేస్తుంది.

మోటారుతో పాటు దాన్ని నడిపే కుర్రాడు కూడా వస్తాడు. వాడు మిగిలిన పనులూ చూస్తాడు. అప్పుడు ఇక్కడ ఎవరు ఎందుకున్నారని దొర అడుగుతాడు. ఈ ఇల్లు దొరది.

మోటారు వద్దన్నది భుజాల కోసమే.


జనవరి 5

పొద్దున ఎండ. మధ్యాహ్నం దాకా దూడలకి గుర్తు కోసం చెవి కోతలు. దెవుజి ఒక్కోదాన్ని మెడ పట్టి పడేసి, మోకాలితో అదిమిపెట్టింది. కోసింది నేను.

పని దిగాక దొడ్డి వెనక ఇసుకలో కాపరులు పట్లు పట్టారు. దెవుజి ముగ్గురితో పట్టింది. పాదం పాదం ఆనించి నిలబడి, మేస్త్రీ చేత్తో గాలి కోయగానే కిందకి దూరి, తొడ అందుకుని, కాలు మెలికేసి పడేస్తుంది. కొట్టేది లేదు, గిల్లేది లేదు. వీపుకి ఇసుక అంటిందా, అయిపోయింది. ఇద్దరి వీపులకి అంటించింది. మూడోవాడు జెఫెరీనో. ఇసుక అంటకముందే "కడుపునొప్పి" అని కూర్చున్నాడు.

"నీ అల్లుడు ఎవడో గానీ బావా, రోజూ పొద్దున లేచి వీపు దులుపుకోవాలి."

"నీలా కడుపునొప్పి వస్తే దులుపుకోనక్కర్లేదు మావయ్యా" అంది దెవుజి.

అందరూ నవ్వారు. సాయంకాలపు వెలుగులో ఆ పిల్ల మెడా భుజాలూ చూస్తే ఎవరో చెక్కినట్టున్నాయి. ఒక్క ఇనుప ముక్క ముట్టుకోలేదు. ఇదంతా పని ఇచ్చిందని నేను గట్టిగానే అన్నాను. కాపరులు తలూపారు.

కాపరులకి వండిపెట్టేది మా ఆవిడ ఒసరీనా. అన్నం గిన్నె దించుతూ, "పిల్లకి బలం పెరుగుతోందా, నీకు పని తగ్గుతోందా?" అంది.

పెళ్ళానికి ఆటల సంగతి ఏం తెలుసు.


జనవరి 9

నడుము బాగానే ఉంది. గుర్రం ఎక్కలేదు. అవసరం పడలేదు.


జనవరి 14

వాన పొద్దున్నే కురిసి పోయింది. పాలు తక్కువ. నీళ్ళు పెరిగితే గేదెలు గడ్డి కోసం ఈదుతాయి, ఈదితే పాలు తగ్గుతాయి.

బెలెం నగరం నుంచి కుస్తీ కోచ్ వచ్చింది. పేరు రొజానా. నలభై లోపే ఉంటుంది. ఆవిడా ఈ మరజో దీవి పిల్లే, అవతలి ఏటి గట్టున కాపరి కూతురు. బెలెంలో తనకో కుస్తీ శిక్షణశాల ఉంది. పండగలో ఆడపిల్లల పట్టు గెలిచినవాళ్ళని తిండీ బసా పెట్టి సంవత్సరం పాటు అక్కడ ఉంచుకుంటుంది. తలపడే ఇద్దరినీ ముందుగా చూసుకోవడానికి వచ్చింది. దెవుజి మూడేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నది దీనికోసమే. పొద్దున్నే జుట్టు తడిపి దువ్వుకుంది.

షెడ్డు దూలం పట్టుకుని వేలాడమంది. దెవుజి వేలాడి, గడ్డం దూలానికి ఆనేదాకా లేచి, దిగి, మళ్ళీ లేచి, ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. కోచ్ ముంజేయి పట్టి చూసింది.

"వెయిట్లు ఎత్తావా ఎప్పుడైనా?"

"లేదక్కా. పాల క్యాన్లు ఎత్తాను. అవి దించమన్నప్పుడు దిగవు."

"చూశారా" అన్నాను. గొంతు పెద్దదైనట్టుంది, జెఫెరీనో దొడ్డి అవతల నుంచి తల ఎత్తాడు.

"చూశానన్నా. బరువులు లేనిదే ఒళ్ళు రాదనేవాళ్ళు మన దీవికి రాలేదంతే."

ఆ మాటకి నాకు కడుపు నిండింది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఎన్నింటికి లేస్తావు, ఎన్నింటికి పడుకుంటావు, మధ్యలో ఏం తింటావు అని అడగడం మొదలుపెట్టింది. కర్రపెండలం పిండీ ఎండురొయ్యా అని దెవుజి చెప్పింది. మాంసం? ఆదివారం. నెలసరి సరిగా వస్తోందా అని అడిగింది. ఆ ప్రశ్నకి నేను బయటికి వచ్చేశాను.

కాసేపటికి కోచ్ కూడా వచ్చి నా పక్కన కంచెకి ఆనుకుంది.

"పని చేసేటప్పుడు కండ పెరగదన్నా. పని దాన్ని అరగదీస్తుంది. తిని పడుకుంటే అరిగినచోట కొత్తది వస్తుంది. బరువైతే ఏంటి, గడైతే ఏంటి, సొంత ఒళ్ళైతే ఏంటి, ఒంటికి తేడా తెలియదు. పడుకున్నావా లేదా అన్నదే తెలుస్తుంది. ఈ పిల్ల పడుకోవట్లేదు."

"మా కాలంలో ఎవరు పడుకున్నారు?"

"మీ కాలంవాళ్ళు ఇప్పుడెలా నడుస్తున్నారో చూస్తూనే ఉన్నాగా."

అప్పటిదాకా నేను కంచె పట్టుకునే నిలబడ్డానని అప్పుడు తెలిసింది.

పదిహేడు నుంచి పట్టు రోజు దాకా పిల్లకి ఏ పనీ చెప్పొద్దంది. తిననివ్వండి, పడుకోనివ్వండి, అంతే. సరేనన్నాను. "మాటివ్వండి" అంది. ఇచ్చాను.

ఒసరీనా తర్వాత చెప్పింది. "ఒళ్ళు అరిగి నాలుగు నెలలుగా నెలసరి ఆగిపోయింది దానికి. నీకు తెలుసా?"

నాకెలా తెలుస్తుంది. అది ఆడవాళ్ళ విషయం.


జనవరి 17

వాన లేదు. దెవుజి ఎండెక్కేదాకా ఊయలమంచంలోనే నిద్రపోయింది. కోళ్ళు కిందనుంచి తిరిగినా లేవలేదు. నోరు తెరుచుకుని పడుకుంది, చిన్నప్పటిలా. పాలు నేను పితికాను. క్యాన్లు ఒక చెవి ఒసరీనా పట్టుకుంది, ఒక చెవి నేను. జెఫెరీనో గడ వేశాడు.

నడుము బాగానే ఉంది.


జనవరి 18

వాన. మేస్త్రీ పొద్దున్నే వచ్చాడు. రాత్రి నీళ్ళు ఒక్కసారిగా పెరిగి, పాలు మాన్పించిన దూడలన్నీ ఏటి అవతలి దిబ్బ మీద చిక్కుకున్నాయట. "మీ ఇంటి నుంచి ఒకరు రావాలి ఒరివాల్దో" అన్నాడు.

దెవుజి వెళ్ళింది. గంట పని. రోజంతా పడుకుంటే ఒళ్ళు బిగుసుకుంటుంది కూడా. కొంచెం కదిలితే మంచిదే.


జనవరి 19

దూడలన్నీ గట్టెక్కాయి. నిన్న చీకటి పడేవేళకి వచ్చారు. తల్లుల మంద మిగిలిపోయిందని ఇవాళ కూడా కొంచెం పని పడింది. దెవుజి వేడి నీళ్ళతో స్నానం చేసింది. బాగానే తింది.

ఒసరీనా నాతో మాట్లాడట్లేదు. వాన చిరాకు.


జనవరి 20

ఓడింది. బరిలో ఇసుక తడిగా ఉంది.


జనవరి 21

పొడి ఎండ. పనికి పోలేదు.

నిన్నటిది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఊరేగింపు అయ్యాక గుడి వెనక బరి కట్టారు. జనం చెట్లు కూడా ఎక్కారు. తైనారా వచ్చింది. జెఫెరీనో అన్నట్టే ఉన్నాయి భుజాలు. కానీ దెవుజి పక్కన నిలబడితే తేడా ఏమీ లేదు, ఇద్దరినీ ఒక్క చేతే చేసినట్టుంది. మా వైపు వాళ్ళు "ఇనుమా, ఎనుమా?" అని కేకలేశారు. నేను కూడా వేశాను.

పాదాలు కలిపారు. చెయ్యి ఊపారు. దెవుజి ఎప్పటిలాగే కిందకి దూరి తొడ అందుకుంది. పట్టు దొరికింది. నేను లేచి నిలబడ్డాను. ఆ పట్టు దొరికాక దాన్నుంచి తప్పించుకున్నవాళ్ళని నేను చూడలేదు. ఎత్తడమే తరువాయి. ఎత్తలేదు. అలాగే పట్టుకుని ఉంది. ముంజేతులు వణకడం నేను నిలబడ్డచోటికి కనిపించింది. ఒక్కో వేలూ ఊడుతుంటే చూశాను. వేళ్ళు విడిపోయాక తైనారా ఆమెని పక్కకి తిప్పి, మెల్లగానే, పడుకోబెట్టినట్టు పడేసింది.

తీర్పు చెప్పే పెద్దాయన దెవుజిని లేపి, వెనక్కి తిప్పి, వీపు జనానికి చూపించాడు. మెడ నుంచి నడుము దాకా ఇసుక.

తైనారా ఆమె చేతులు వదల్లేదు. "ఏమైందక్కా, పట్టినప్పుడే చేతులు వణుకుతున్నాయి నీకు. జ్వరమా?" అంది.

"జారింది" అంది దెవుజి.

కోచ్ కూడా అడిగింది. "జారిందక్కా, ఇసుక తడిగా ఉంది" అంది దెవుజి. నావైపు చూడలేదు. ఆ మాట నాకోసం చెప్పిందే. నేను ఇంటికొచ్చి అదే రాసుకున్నాను.

కోచ్ ఆమె అరచేతులు తిప్పి చూసింది. రెండు రోజులు నీళ్ళలో తాడు లాగిన చేతులు. తోలు లేచి ఉంది. ఆవిడ తలెత్తి నన్ను వెతుక్కుని, "మాటిచ్చారన్నా" అంది. అంతే. అరిచి ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి.

పద్దెనిమిదో తారీకు పొద్దున మేస్త్రీతో ఏమనాలో ఇప్పుడు బాగా వస్తోంది నోటికి. నా నడుము పోయింది, రెండేళ్ళయింది. పిల్ల ఎల్లుండి బరిలో దిగాలి. ఇంకెవరినైనా చూసుకో. ఇంతే. అప్పుడు పిల్ల ఊయలమంచంలో కూర్చుని గుడ్లు తింటోంది. మేస్త్రీ గుర్రం మీద ఉన్నాడు. ఒసరీనా గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నేను ఆ ఊయలమంచం వైపు తిరిగి, "దెవుజీ, ఒక్క గంట పనే" అన్నాను. ఆ పిల్ల పళ్ళెం కింద పెట్టి లేచింది.

మిగిలిన గుడ్డు కోడిపెట్ట పొడుచుకు తింది. దాన్ని అదిలించాను కూడా.


జనవరి 23

వాన. క్యాన్లు జెఫెరీనో కొడుకులు మోశారు.

కోచ్ తిరుగు ప్రయాణంలో ఆగింది. తిండీ బసా తైనారావే, అది నియమం. కానీ దెవుజి కూడా రావచ్చంది. సాధన ఊరికే నేర్పుతుంది. ఉండేచోటు మనమే చూసుకోవాలి, ఇంటి మనిషి ఎవరైనా తోడుండి వండిపెట్టాలి. ఒక ఏడాది. ఆ ఏడాదిలో పిల్లచేత వేరే పని చేయించకూడదు.

"ఒళ్ళు మళ్ళీ కుదుటపడాలంటే ముందు నిద్రపోవాలి. వెయిట్ల సంగతి తర్వాత. అసలు ఎత్తకపోయినా ఫరవాలేదు. నా దగ్గర తాళ్ళున్నాయి, దూలాలున్నాయి, ఇసుకుంది" అంది.

"వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను. "ఇక్కడ నీళ్ళ కాలం. నా నడుము కూడా..."

నోట్లోంచి వచ్చేసింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"వెళ్తాను నాన్నా" అంది దెవుజి. గొంతు పెంచలేదు. ఇనుము ఎత్తడానికి పోతానన్నప్పుడు అడిగింది. ఇప్పుడు అడగలేదు, చెప్పింది.

"తోడు ఎవరొస్తారు?" అన్నాను.

ఒసరీనా పొయ్యి ఊదుకుంటోంది. బెలెంలో చేపల రేవు దగ్గర వాళ్ళ చెల్లెలి ఇల్లుంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.


జనవరి 24

తెరిపి. జెఫెరీనో వాళ్ళు గట్టు పనికి పోయారు. క్యాన్లు నేనే ఎత్తాను. మొదటిది పడవ అంచుదాకా వచ్చింది. రెండోది ఎత్తుతూ కూలబడ్డాను. పాలన్నీ బురదలోకి పోయాయి. లేవలేక అక్కడే ఉన్నాను.

మేస్త్రీ చూసి గుర్రం దిగాడు. చంకల కింద చేతులేసి లేపాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"మోటారు వద్దని ఎందుకన్నావయ్యా?" అన్నాడు. "నీ నడుము సంగతి దొరకీ తెలుసు, నాకూ తెలుసు. గేదె నిన్ను కంచెకి నొక్కిన రోజున నిన్ను మోసుకొచ్చింది నేనేగా. కూర్చుని చేసే పనుంటే ఉంటావని దొరతో చెప్పి ఆ మోటారు ఒప్పించాను. నడపాల్సింది నువ్వే. ఎల్లుండి తెప్పిస్తాను."

"నడపడానికి కుర్రాడు వస్తాడనుకున్నాను."

"ఎవడు చెప్పాడు నీకు?"

ఎవరూ చెప్పలేదు.

"పిల్లని పనితో ఎందుకు చంపుతున్నావని మీ ఆవిడ నన్నడిగింది పోయిన ఏడు. వాళ్ళ నాన్న దాన్ని పట్లకి తయారు చేస్తున్నాడమ్మా, ఆయనకి తెలుసు అన్నాను. నీ మాటే చెప్పాను" అన్నాడు.

సాయంత్రం దెవుజి నా నడుముకి గేదెకొవ్వు కాచి రుద్దింది. అరచేతులు ఇంకా గరుకుగా ఉన్నాయి. మోటారు సంగతి చెప్పాలనుకున్నాను. ఇప్పుడు చెబితే ఆపడానికి చెప్పినట్టుంటుంది. అప్పుడే చెప్పి ఉంటే... దెవుజి "నొప్పి ఇక్కడా?" అని అడిగింది. అవునన్నాను.


జనవరి 26

మబ్బు. మోటారు వచ్చింది. పెద్ద చప్పుడు.

ఒసరీనా బట్టలన్నీ ఉతికి ఆరేసింది. ఊయలమంచాలు రెండు విప్పి మడతపెట్టింది. పిల్లకి ఒకటి చాలదా అని అడగలేదు. చెల్లెలింట్లో ఒకటి ఎవరికైనా కావాల్సి రావచ్చు.

మధ్యాహ్నం కాపరుల వంట జెఫెరీనో పెళ్ళాం చేసింది.


జనవరి 27

పొద్దంతా వాన. దెవుజి నిద్రపోయింది. లేపలేదు.


జనవరి 28

వాన లేదు. నీళ్ళు రేవు మూడో మెట్టు దాకా ఉన్నాయి. బెలెం పడవ ఆరింటికి రావాల్సింది, ఏడు దాటాక వచ్చింది. దెవుజి వెళ్ళింది. ఒసరీనా వెళ్ళింది. పడవ ఏడున్నరకి కదిలింది.